కోన్‌లో కప్‌కేకు: మన నెమ్ము గాలిలో కరకర పోకుండా చెయ్యడం ఎలా

పుట్టినరోజు పార్టీలో కేకు ముక్కలు పంచడం పెద్ద యాతన. పేపర్ ప్లేటు మధ్యకి వంగిపోతుంది, స్పూన్లు చాలవు, క్రీము సగం గౌనుకీ సగం దివాను మీద దుప్పటికీ అంటుతుంది. ఐస్‌క్రీమ్ కోన్‌లోనే కేకు పిండి పోసి కాల్చేస్తే ఈ గొడవేమీ ఉండదు. పిల్లలు ఒక చేత్తో కోన్ పట్టుకుని పరుగెడుతూనే తినేస్తారు. చూడ్డానికి ఐస్‌క్రీమ్, కొరికితే కేకు. ఆ మోసం వాళ్ళకి భలే సరదా.

చెయ్యడం కష్టమేం కాదు. మామూలు కప్‌కేకు చేసిన చెయ్యి అయితే ఇదీ వచ్చేసినట్టే. చిక్కంతా ఒక్కచోటే ఉంది. కోన్ కరకరలాడాలి, అదీ పిల్లల చేతికి వెళ్ళే వేళకి. మనదేమో కోనసీమ. గోదావరి పాయల్లో గౌతమి ఒక పక్క, వసిష్ఠ ఒక పక్క, దిగువన సముద్రం, ఇంటి వెనక కాలవ. ఒక్క పూట అప్పడాల డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కోన్ కూడా అప్పడం లాంటిదే. గాలిలో చెమ్మ తగిలినా మెత్తబడుతుంది, లోపలి కేకు ఆవిరి తగిలినా మెత్తబడుతుంది. కాబట్టి కింద నేను చెప్పేదాంట్లో కేకు సంగతి కొంచెం, నెమ్ము సంగతి ఎక్కువ.

మొదటిసారి నేను చేసిన నిర్వాకం చెబుతాను. మా అమ్మాయి పుట్టినరోజు జులైలో. బయట ముసురు. సాయంత్రం హడావుడి ఎందుకులే అని పొద్దున్నే పద్దెనిమిది కోన్లు కాల్చేసి, ఇంకా గోరువెచ్చగా ఉండగానే జంతికల స్టీలు డబ్బాలో పేర్చి, చీమలు పట్టకుండా మూత బిగించాను. ఆరింటికి మూత తీస్తే లోపల చినుకుల్లా నీళ్ళు. కోన్లు తడిసిన అట్టముక్కల్లా ఒకదాని మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. మా ఆడపడుచు కొడుకు ఒకటి పట్టుకున్నాడు. కోన్ వాడి గుప్పిట్లో ఉండిపోయింది, కేకు గచ్చు మీద పడింది. వాడి ఏడుపు వీధి చివరికి వినపడింది. ఆ తర్వాత నాలుగైదు పార్టీలకి చేస్తూ చేస్తూ పట్టుకున్న కిటుకులే ఇవి.

ముందు కోన్లు

అడుగు చదునుగా, పైన వెడల్పు అంచుతో కప్పులా ఉండే కోన్లు కావాలి. లేత రంగులో, తేలిగ్గా, థర్మాకోల్ ముక్కలా ఉంటాయి. ఐస్‌క్రీమ్ బండి మీద స్కూపులు వేసి ఇచ్చేవి ఎక్కువగా ఇవే. కిందకి మొనదేలి, గోధుమ రంగులో, తియ్యగా ఉండే చుట్టిన కోన్లు వద్దు. అవి నిలబడవు, పైగా వాటిలో పంచదార ఎక్కువ కాబట్టి ఓవెన్‌లో త్వరగా నల్లబడతాయి. కేకు సామాన్లు అమ్మే షాపుల్లో కప్పు కోన్లు ప్యాకెట్ల లెక్కన దొరుకుతాయి. దొరక్కపోతే మీ వీధికొచ్చే ఐస్‌క్రీమ్ బండి ఆయన్ని ముందురోజే అడిగి పెట్టుకోండి. మా బండాయన "ఐస్‌క్రీమ్ లేకుండా ఉత్త కోన్లు ఏం చేసుకుంటారండీ?" అని నవ్వాడు గానీ, ఇచ్చాడు.

లెక్కకి నాలుగైదు ఎక్కువే తీసుకోండి. ప్రతి ప్యాకెట్లోనూ ఒకటో రెండో పగిలి ఉంటాయి. ఒక్కో కోన్‌నీ కిటికీ వెలుతురుకి ఎత్తి చూడండి. సన్నని పగులున్నా వెలుతురు గీతలా కనపడుతుంది. అలాంటిదాంట్లో పిండి పోస్తే కారిపోయి ట్రేకి అంటుకుంటుంది. దాన్ని పక్కనపెట్టి పిల్లలకి ఇచ్చెయ్యండి, ఎలాగూ వంటింటి గుమ్మంలోనే కాచుకుని ఉంటారు.

ప్యాకెట్ విప్పి రెండు రోజులైన కోన్లు అప్పటికే సాగుతుంటాయి. ఒకటి విరిచి చూడండి. టక్కున విరిగితే సరే. వంగి, ఆలోచించి విరిగితే, ఖాళీ కోన్లని ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు పెట్టి చల్లార్చండి. మళ్ళీ గలగలలాడతాయి.

ఆత్రేయపురం వైపు పూతరేకులు చుట్టడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. బోర్లించిన కుండ మీద తీసిన రేకు కాగితంలా పెళపెళలాడుతుంది. తడిబట్ట కాస్త తగిలిస్తే చాలు, మెత్తబడి చెప్పినట్టు మడతపడుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ రేకులో కిటుకు ఆ చెమ్మే. అక్కడ మనకి పనికొచ్చే గుణం ఇక్కడ శత్రువు. రెండూ పిండితో చేసిన పల్చని పొరలే, నీళ్ళు పోయేదాకా కాల్చినవే. నీరు ఎక్కడ దొరికినా పీల్చేసుకుంటాయి.

పిండికి ఏమేం కావాలి

మా బంధువుల్లో గుడ్డు తినని ఇళ్ళు ఉన్నాయి. తినేవాళ్ళల్లో శనివారం తిననివాళ్ళు, కార్తీకంలో తిననివాళ్ళు ఉన్నారు. పిల్లల పార్టీకి ఎవరిది ఏదో గుర్తుపెట్టుకోలేక నేను పెరుగుతోనే చేస్తాను. ఈ కొలతకి పన్నెండు నుంచి పద్నాలుగు కోన్లు వస్తాయి. కప్పు అంటే 240 మిల్లీలీటర్ల కొలత కప్పు, చెంచా అంటే 5 మిల్లీలీటర్ల టీ స్పూను.

మైదా ఒకటిన్నర కప్పు, అంటే సుమారు 190 గ్రాములు
పెరుగు ఒక కప్పు, కాస్త పులిసినదైతే మరీ మంచిది
పంచదార ముప్పావు కప్పు, సుమారు 150 గ్రాములు
వాసన లేని నూనె అర కప్పు
బేకింగ్ పౌడర్ ఒకటింబావు చెంచా
వంటసోడా అర చెంచా
వెనిల్లా ఎసెన్స్ ఒక చెంచా, లేదా నాలుగు యాలకుల పొడి
చిటికెడు ఉప్పు

పెరుగు విషయంలో ఒక మాట. ఇక్కడ గేదె పెరుగు చాకుతో కోసేలా ఉంటుంది. అంత గట్టిదైతే రెండు మూడు పెద్ద చెంచాల పాలు కలపాల్సి వస్తుంది. నూనె సన్‌ఫ్లవర్‌దైతే సరిపోతుంది. కొబ్బరితోటల మధ్య ఉన్నాం కదా అని ఒకసారి కొబ్బరినూనె పోశాను. "అమ్మా, కేకు జడ వాసన వస్తోంది" అంది మా అమ్మాయి. మళ్ళీ ఆ జోలికి పోలేదు.

గుడ్డుతో చెయ్యాలనుకుంటే పెరుగూ సోడా తీసేసి రెండు గుడ్లు, అర కప్పు పాలు వెయ్యండి. బేకింగ్ పౌడర్ చెంచాన్నర చెయ్యండి. తక్కినవన్నీ అవే.

అరటిపండు కేకు, పచ్చికొబ్బరి కోరు కేకు నాకూ ఇష్టమే. రావులపాలెం దారిలో గెలలు కనపడితే చెయ్యి ఊరుకోదు కూడా. కానీ కోన్‌లోకి మాత్రం అవి వద్దు. తేమ ఎక్కువున్న కేకు కోన్‌ని లోపల్నుంచి తడిపేస్తుంది. వాటిని మామూలు కాగితం కప్పుల్లో చేసుకోండి.

కోన్ నిలబడేది ఎలా

పిండి కలపకముందే ఇది తేల్చుకోవాలి. కలిపాక వెతుక్కుంటూ కూర్చుంటే సోడా పొంగు చచ్చిపోతుంది.

కోన్ అడుగు చిన్నది, పైన బరువు ఎక్కువ. ఉత్త ట్రేలో పెడితే ఓవెన్ తలుపు వేసే కుదుపుకే వాలిపోతుంది. కప్‌కేకు ట్రే ఉంటే గుంటకొకటి పెట్టి, చుట్టూ అల్యూమినియం ఫాయిల్ నలిపి దోపండి. ట్రే లేనివాళ్ళు బెంగపెట్టుకోవద్దు, నాకూ లేదు. ఇంట్లో చిన్న స్టీలు కాఫీ గ్లాసులు ఉంటాయి కదా, అవి చాలు. కోన్‌ని గ్లాసులో దింపితే దాని వెడల్పు అంచు గ్లాసు మూతి మీద ఆనాలి. మరీ లోపలికి జారిపోతుంటే అడుగున ఫాయిల్ ఉండలా చుట్టి పెట్టండి. గ్లాసులన్నీ ఒక పళ్ళెంలో పేర్చుకుంటే ఒకేసారి తియ్యడం, పెట్టడం తేలిక.

ఇంకో పద్ధతీ ఉంది. లోతైన కేకు గిన్నె మీద ఫాయిల్ రెండు పొరలు బిగించి కప్పి, చాకుతో కూడిక గుర్తులా చీల్చి, ఆ చీలికల్లో కోన్లు గుచ్చడం. ఫాయిల్ గట్టిగా ఉంటే బాగానే నిలబడతాయి. నాకు గ్లాసులే ధైర్యం.

పిండి కలపడం

ఓవెన్ 180 డిగ్రీలకి పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోపు పెరుగు, పంచదార ఒక గిన్నెలో వేసి పంచదార కరిగేదాకా గిలక్కొట్టండి. వేలితో రుద్ది చూస్తే పలుకు తగలకూడదు. అందులో బేకింగ్ పౌడర్, సోడా వేసి కలిపి, ఐదు నిమిషాలు కదపకుండా వదిలెయ్యండి. పెరుగులో పులుపుకీ సోడాకీ పడి, నురగ కట్టి పైకి లేస్తుంది. లేవకపోతే మీ సోడా పాతదైపోయిందన్నమాట, అక్కడే ఆగి కొత్త ప్యాకెట్ తెప్పించండి. ఆ పిండితో ముందుకెళితే ఇటుకలొస్తాయి.

నురగ వచ్చాక నూనె, ఎసెన్స్, ఉప్పు వెయ్యండి. మైదాని జల్లించి రెండు మూడు విడతలుగా వేస్తూ, మడతపెట్టినట్టు మెల్లగా కలపండి. పిండి కనపడకుండా పోగానే ఆపెయ్యాలి. చిన్న చిన్న ఉండలుంటే ఉండనివ్వండి. గారెల పిండిలా గట్టిగానూ వద్దు, దోసెల పిండిలా జారుగానూ వద్దు. ఇడ్లీ పిండిలా గరిటె నుంచి బరువుగా జారాలి.

మా అత్తయ్యగారు వెనక నుంచి చూసి, "ఏవిటే అమ్మాయ్, కోన్‌లో ఐస్‌క్రీమ్ పెడతారు గానీ పిండి పోస్తారా ఎక్కడైనా?" అన్నారు. ఐస్‌క్రీమ్‌ని కోన్‌లో పెట్టి తినడమూ ఒకప్పుడు వింతే కదండీ అన్నాను. 1904లో అమెరికాలో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో అమ్మాకే అది జనానికి అలవాటైంది. ఆవిడకి ఆ జవాబు ఏమీ నచ్చలేదు, కానీ సాయంత్రం రెండు తిన్నారు.

కోన్ నింపడం

అసలు నైపుణ్యం ఇక్కడే. ఎక్కువ పోస్తే కేకు పొంగి అంచు మీదుగా కారి, కోన్ చుట్టూ గడ్డంలా అంటుకుంటుంది. తక్కువ పోస్తే కేకు లోపలే ఉండిపోయి, పైన పెట్టే క్రీము గుంటలో పడుతుంది. కోన్ లోపలికి చూడండి. సన్నని కాడ భాగం వెడల్పు అంచుగా మారే చోట ఒక మెట్టు ఉంటుంది. సరిగ్గా ఆ మెట్టు దాకా పోస్తే సరిపోతుంది. కొలత కావాలంటే మూడింట రెండు వంతులు, సుమారు మూడు పెద్ద చెంచాలు. కోన్లు కంపెనీకో సైజులో ఉంటాయి కాబట్టి, నేనైతే ముందు ఒక్క కోన్ కాల్చి చూసి తక్కినవి నింపుతాను.

గరిటెతో పోస్తే సగం అంచులకే. పాల ప్యాకెట్ కవరు శుభ్రంగా కడిగి ఆరబెట్టి, పిండి అందులో నింపి, ఒక మూల చిటికెన వేలంత కత్తిరించండి. ఆ మూలని కోన్ అడుగు దాకా దించి, కింద నుంచి నింపుకుంటూ పైకి లాగండి. ఎందుకంటే కోన్ లోపల అడుగున చిన్న చిన్న గళ్ళుంటాయి. పైనుంచి పోస్తే వాటిలో గాలి ఇరుక్కుపోతుంది. వేడికి ఆ గాలి బుడగ పైకి తన్నుకొచ్చి కేకు మధ్యలో బొక్క చేస్తుంది, ఒక్కోసారి పిండిని పైకి నెట్టి పొర్లిస్తుంది. నింపాక కోన్‌ని గ్లాసుతో సహా రెండుసార్లు బల్ల మీద మెల్లగా తట్టండి. అంచుకి అంటిన పిండిని అప్పుడే తుడిచెయ్యండి, ఆరితే రాదు.

నింపిన కోన్లని బయట ఉంచకండి. పచ్చి పిండి కూడా తడే కదా. నింపిన పది నిమిషాల్లో ఓవెన్‌లోకి వెళ్ళిపోవాలి. రెండో వాయి పిండి గిన్నెలోనే ఉండాలి, కోన్‌లో కాదు.

కాల్చడం

కోన్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, కింది అరలో పెట్టండి. మధ్య అరలో పెడితే నెత్తి పై రాడ్‌కి దగ్గరై నల్లబడుతుంది. 180 డిగ్రీలు, రెండు రాడ్‌లూ వేసి, 22 నుంచి 25 నిమిషాలు. మొదటి పద్దెనిమిది నిమిషాలు తలుపు తియ్యొద్దు, పిల్లలు ఎంత బతిమాలినా సరే. ఉడికిందో లేదో చూడ్డానికి మన దగ్గర టూత్‌పిక్ కంటే మంచిది ఉంది: కొబ్బరి ఈనె. పచ్చి ఆకు నుంచి చీరి, కడిగి ఆరబెట్టిన ఈనె కోన్ అడుగు దాకా పోతుంది. టూత్‌పిక్ అంత దూరం పోదు, అందుకే పైన ఉడికి అడుగున పచ్చిగా ఉన్న సంగతి అది చెప్పదు. ఈనె పొడిగా వస్తే దించెయ్యండి.

కరెంటు పోతుందేమో అన్న టెన్షన్ ఎండాకాలంలో ఉండేదే. ఓటీజీ 1500 వాట్ల దాకా లాగుతుంది, ఇంటి ఇన్వర్టర్ దాన్ని మోయలేదు, ఆశ పెట్టుకోకండి. మధ్యలో పోతే తలుపు తియ్యకండి. చివరి పదినిమిషాల్లో పోతే చాలావరకు లోపలి వేడికే ఉడికిపోతుంది. మొదట్లోనే పోయి, రాకపోతే గ్యాస్ పొయ్యి మీదకి మార్చాలి.

పొయ్యి మీద ఎలాగంటే, మందపాటి తపేలా తీసుకుని అడుగున కిలో కళ్ళుప్పు పరిచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూతేసి మధ్యస్థం మంట మీద పది పన్నెండు నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత గ్లాసులున్న పళ్ళెం దించి, మంట తగ్గించి 25 నుంచి 30 నిమిషాలు. చాలామంది ప్రెషర్ కుక్కర్ వాడతారు. నీళ్ళు లేకుండా అంతసేపు కాల్చడం కుక్కర్‌కి మంచిది కాదు, నేను వాడను. తపేలాతో ఒక ఇబ్బంది ఉంది, మూత కింద ఆవిరి చేరి కోన్ల మీద చినుకులు పడతాయి. అందుకని కేకు పైన గట్టిపడ్డాక, అంటే ఆఖరి ఐదారు నిమిషాలు, మూత వేలెడంత పక్కకి జరపండి. ఇలా చేసిన కేకుకి పైన ఎర్ర రంగు రాదు. పైన చాక్లెట్ ఎలాగూ కప్పేస్తుంది కాబట్టి దిగులక్కర్లేదు.

దించాక చేసే పని అన్నిటికన్నా ముఖ్యం

కేకు దించగానే పనైపోయిందనుకుంటాం. కోన్ మెత్తబడేది ఆ తర్వాత అరగంటలోనే. వేడి కేకులోంచి ఆవిరి బయటికి రావాలి. పైనుంచి కొంత పోతుంది, కిందకి దారి లేదు. ఆ దారి మనమే చెయ్యాలి.

కోన్‌ని గుడ్డతో పట్టుకుని గ్లాసులోంచి తియ్యండి. పక్కకి వంచి, అడుగున ఈనె మొనతో మూడు చిన్న చిల్లులు పొడవండి. వేడి మీద ఉన్నప్పుడు కోన్ కాస్త మెత్తగా ఉంటుంది కాబట్టి పగలకుండా పోతుంది, చల్లారాక పొడిస్తే ముక్కవుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా సుయ్‌మన్న చప్పుడు కూడా వినపడుతుంది, ఆవిరి పోతోందన్నమాట. తర్వాత వాటిని గ్లాసుల్లో తిరిగి పెట్టకండి, అందులో మళ్ళీ ఆవిరి నిలుస్తుంది. జాలీ స్టాండు మీద నిలబెట్టండి. గ్యాస్ పొయ్యి మీద ఉండే ఇనప స్టాండు తీసి కడిగి వాడినా సరే. పైన ఫ్యాను పెట్టండి. గంటసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యండి.

మూత ఉన్న దేంట్లోనూ పెట్టొద్దు. డబ్బా వద్దు, హాట్‌ప్యాక్ అసలే వద్దు. చీమల భయమైతే స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళెం పెట్టండి, ఈగలకి పల్చని నెట్ గుడ్డ కప్పండి. ఫ్రిజ్ కూడా వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసుకి బయట నీళ్ళెలా పడతాయో, చల్లని కోన్‌కీ అలాగే పడతాయి. మన గాలిలో రెండు నిమిషాలు చాలు.

పైన ఏం పెట్టాలి

అది నెలని బట్టి. డిసెంబర్, జనవరిలో సంక్రాంతి చలికి వెన్న క్రీము నిలబడుతుంది. 100 గ్రాముల ఉప్పులేని వెన్న, 200 గ్రాముల ఐసింగ్ షుగర్, చెంచా పాలు కలిపి తెల్లబడేదాకా గిలక్కొడితే చాలు. కవరులో వేసి చుట్లు చుట్లుగా పిండితే అచ్చం మెషీన్ ఐస్‌క్రీమ్‌లా వస్తుంది.

మార్చి దాటితే వెన్న క్రీము సంగతి మర్చిపోండి. వెన్న 35 డిగ్రీల లోపే కరుగుతుంది, మన హాల్లో మధ్యాహ్నం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. చుట్లు చుట్లుగా పిండిన క్రీము కొవ్వొత్తి మైనంలా కిందకి జారుతుంది. ఎండల్లోనూ వానల్లోనూ నేను చేసేది ఒకటే, కాంపౌండ్ చాక్లెట్‌లో ముంచడం. మామూలు చాక్లెట్‌లో కోకో వెన్న ఉంటుంది, కాంపౌండ్‌లో దానికి బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది. అందుకే అది ఎండకి కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. రుచిలో తక్కువే, ఒప్పుకుంటాను. కానీ పిల్లలెవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

పద్నాలుగు కోన్లకి 250 గ్రాములు చాలు. ముక్కలు చేసి గిన్నెలో వేసి, మరిగే నీళ్ళ గిన్నె మీద పెట్టి కరిగించండి. ఒక్క నీటిబొట్టు పడినా గడ్డకట్టి ఇసుకలా అయిపోతుంది, గరిటె కూడా పొడిగా ఉండాలి. కేకు పూర్తిగా చల్లారాక కోన్‌ని తలకిందులుగా పట్టుకుని కేకు నెత్తిని చాక్లెట్‌లో ముంచండి. కోన్ అంచు దాకా ముంచి, అర చుట్టు తిప్పి, పైకి తీసి, మిగులు కారేదాకా ఆగండి. అంచు దాకా ఎందుకంటే కేకుకీ కోన్‌కీ మధ్య సందు మూసుకుపోతుంది, బయటి తేమ పైనుంచి దిగదు. అడుగు చిల్లులు మాత్రం మూయకండి.

చాక్లెట్ తడిగా ఉండగానే రంగు చక్కెర పూసలు, టూటీఫ్రూటీ, ఎండుకొబ్బరి పొడి, ఏది కావాలంటే అది చల్లండి. టూటీఫ్రూటీ అంటే పాకంలో నానబెట్టిన పచ్చి బొప్పాయి ముక్కలే, కాబట్టి ముందు కాగితం మీద పరిచి తడి ఒత్తెయ్యండి. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకిచ్చే కోన్ల మీద గుండ్రని చాక్లెట్ బిళ్ళలు, వెండి పూసలు వద్దు, గొంతుకి అడ్డుపడే ప్రమాదం ఉంది. వాళ్ళకి కొబ్బరి పొడి చాలు.

గడియారం వెనక్కి లెక్కపెట్టండి

వేసవి పొడి ఎండలో, కోన్ మా ఇంట్లో నాలుగైదు గంటలు కరకరలాడింది. ముసురు పట్టిన రోజు రెండు గంటలే. కాబట్టి పొద్దున్న చేసేసి హాయిగా ఉందామన్న ఆలోచన మానెయ్యాలి. సాయంత్రం ఆరున్నరకి కేకు కటింగ్ అనుకోండి. మైదా జల్లించడం, కోన్లు చూసుకోవడం, గ్లాసులు పేర్చడం, చాక్లెట్ ముక్కలు చెయ్యడం అన్నీ పొద్దున్నే చేసి పెట్టుకోండి. మూడింటికి పిండి కలపండి. మూడుంబావుకి మొదటి వాయి ఓవెన్‌లోకి. నాలుగింటికల్లా చిల్లులు పొడిచి స్టాండు మీద ఉంటాయి. ఐదింటికి చాక్లెట్‌లో ముంచితే ఐదున్నరకి బిగుసుకుంటుంది. మీకు స్నానం చేసి చీర మార్చుకోవడానికి ఒక గంట మిగులుతుంది.

ముసురు రోజే పార్టీ పడితే, లేదా ముప్పై నలభై మంది పిల్లలుంటే, దారి వేరు. పిండిని చిన్న కాగితం కప్పుల్లో పొద్దున్నే కాల్చి పెట్టుకోండి. ఖాళీ కోన్ల లోపల కరిగిన కాంపౌండ్ చాక్లెట్ బ్రష్‌తో పూసి ఆరబెట్టండి, అది లోపలి తడిని ఆపుతుంది. పంచే అరగంట ముందు కేకుని నలిపి కొంచెం కోన్‌లోకి కూరి, పైన చిన్న కేకు బోర్లించి, కాస్త చాక్లెట్‌తో అంటించండి. కోన్‌లో కాల్చిన దానంత అందంగా ఉండదు. వానాకాలంలో మాత్రం ఇదే నమ్మకం.

పార్టీ వేరే చోటైతే

మా పక్కింటి పిన్నిగారు గుడ్ల అట్టల్లో పెట్టుకెళ్ళమన్నారు. గుంటల్లో కోన్లు నిలబడతాయి, నిజమే, కోళ్ళ ఫారాలున్న మన వైపు ఆ అట్టలకి కొదవా లేదు. కానీ వాడిన అట్టలకి రెట్ట, పగిలిన గుడ్ల సొన అంటి ఉంటుంది. పిల్లలు తినేదాన్ని అందులో పెట్టకండి. చెప్పుల పెట్టె కాకుండా ఏదైనా శుభ్రమైన స్వీటు పెట్టెనో పుస్తకాల పెట్టెనో బోర్లించి, కూడిక గుర్తులా చీల్చి కోన్లు గుచ్చండి. పైన మూత వద్దు, పల్చని గుడ్డ చాలు.

ఒకసారి అమలాపురం దాకా ఆటోలో తీసుకెళ్ళాను. కాలవగట్టు రోడ్డు, ఒళ్ళో పెట్టె. "మెల్లగా పోనియ్ బాబూ, కేకులున్నాయి" అంటే "ఆయ్, గుడ్ల బండిలా తీసుకెళ్తానండి" అని ఆ అబ్బాయి నిజంగానే గుంటగుంటకీ ఆగాడు. రెండు మాత్రమే వాలాయి. దూరం వెళ్ళేటప్పుడు కోన్లూ, కేకులూ, చాక్లెట్ గిన్నే విడివిడిగా పట్టుకెళ్ళి అక్కడే కూర్చుకోవడం ఇంకా సుఖం.

మిగిలినవి ఉంటే, చాక్లెట్‌లో ముంచనివైతే మర్నాడు ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు పెట్టండి, కోన్ కొంతవరకు తేరుకుంటుంది. ముంచినవైతే ఇక తేరుకోవు. మెత్తబడ్డ కోన్‌తో సహా గిన్నెలో నలిపి, చల్లని పాలు పోసి, స్పూను వేసి పిల్లలకి ఇచ్చెయ్యండి. మా అమ్మాయికి అసలు కోన్ కంటే ఇదే ఇష్టం, అందుకని పార్టీ అవ్వకముందే రెండు దాచిపెట్టమంటుంది.